మంచం కింది టైగరూ, మా బావగారూ

మా బావగారి చేత మేలు పొందినవాళ్లు రాజమండ్రిలో చాలామందే ఉన్నారు. ఆయన ఎదురుగా వస్తున్నారంటే వాళ్లంతా సందు మార్చేస్తారు. మేలు చేయడంలో ఆయనకి ఏ లోపమూ లేదు. చేశాక అవతలివాడి మొహంలోకి చూస్తూ నిలబడతారు, అక్కడొస్తుంది చిక్కు. అప్పిచ్చినవాడు వడ్డీ అడుగుతాడు, ఈయన కృతజ్ఞత అడుగుతారు. వడ్డీ అయితే ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది.

ఇలాంటి ఉద్ధారకుడు ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. మా బావగారు ట్రెజరీలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాక ఉద్ధరించడానికి చేతికందిన మనుషులు అయిపోయి, కుక్కల్లోకి దిగారు.

ఆయన ఇంటికి తెచ్చుకున్న కుక్క గోదావరి గట్టు మీద బజ్జీల బండి కింద పుట్టింది. ఏ మోటారుసైకిలో తగిలి కాలు విరిగితే కుర్రాళ్లెవరో కట్టు కట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించారు. చెవి కొస కత్తిరించి ఉండటం ఆ ఆపరేషన్‌కి గుర్తు. గోధుమ రంగు, ఏడాది వయసు. బావగారు దానికి టైగర్ అని పేరు పెట్టారు. ఆడకుక్క కదండీ అంటే, పులికి ఆడా మగా ఏమిటోయ్ అన్నారు. పులిగారు గుమ్మంలో అడుగుపెట్టిన మరుక్షణం దివాన్ కాట్ కింద దూరి, ఆవకాయ జాడీకీ పాత ట్రంకుపెట్టెకీ మధ్యనున్న జానెడు సందులో సర్దుకుంది.

ఇక చూడాలి బావగారి అవస్థ. నడుముకి బెల్టు పెట్టుకున్న మనిషి గచ్చు మీద బోర్లా పడుకుని, టార్చిలైటు దాని కళ్లలోకి కొడుతూ, "కమాన్ టైగర్! గుడ్ గాళ్! షేక్ హ్యాండ్!" అంటారు.

"బావగారూ, దాని మాతృభాష తెలుగండీ. అందులోనూ దానికి తెలిసినవి 'హెయ్', 'ఛీ పో', ఆ రెండే."

మనవాళ్లకి ఇదేం జబ్బో నాకు తెలీదు. పెళ్లాంతో, పాలవాడితో, దేవుడితో తెలుగే మాట్లాడతారు, కుక్క కనబడగానే ఇంగ్లీషు వచ్చేస్తుంది.

పైగా చూడ్డానికి వచ్చేవాళ్లొకరు. పక్కింటివాళ్లు, పింఛనర్ల సంఘం వాళ్లు, వాళ్ల మనవలు, అందరూ వంగి మంచం కిందకి చూసేవాళ్లు. "చూడవోయ్, నాలిక చప్పరిస్తోంది, మనమంటే ఇష్టం పుట్టింది. అదిగో ఆవలించింది, హాయిగా ఉందన్నమాట" అని బావగారు వ్యాఖ్యానం.

పశువుల డాక్టరు విని తల పట్టుకున్నాడు. ఎదురుగా తిండి లేనప్పుడు మూతి నాక్కున్నా, నిద్ర రాకుండా ఆవలించినా, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా, అదంతా బెదురేనండీ అన్నాడు. బావగారు కాసేపు ఆలోచించి, "మా ఆఫీసులో ముప్పై ఏళ్లు నా ఎదురుగా అందరూ ఆవలించేవారు. అదీ భయమేనంటారా?" అని ఆశగా అడిగారు.

మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి, సుమారుగా అలా పడుతుందని డాక్టరు చెప్పాడు. సుమారుగా అన్న మాట ట్రెజరీవాళ్లకి వినబడదు. వెంకట్రామా క్యాలెండర్‌లో మూడో రోజుకి ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. నాలుగో రోజు పొద్దున్నే నాకు ఫోను. "ఏమోయ్, గడువు దాటింది. ఇంకా జాయినవలేదు."

"ధర్మరాజు వెంట కుక్క స్వర్గం దాకా నడిచిందోయ్, ఇది హాల్లోకి రాదా?" అని ఓ సాయంత్రం నిష్ఠూరమాడారు. నాకు ఒళ్లు మండింది. "అది పదిహేడో పర్వమండీ. మొదట్లో ఏముంది? జనమేజయుడి తమ్ముళ్లు పాపమెరగని కుక్కపిల్లని కొట్టారు. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియని భయం మీకూ పట్టుకుంటుందని దాని తల్లి సరమ శపించింది. మీరింకా ఆదిపర్వంలోనే ఉన్నారు" అన్నాను.

మా అక్క మాత్రం కుక్కని పట్టించుకున్న పాపాన పోలేదు. అలాగని గమనించలేదనుకోకండి. చీపురు పైకెత్తితే అది నేలకి అతుక్కుపోతోందని కనిపెట్టి, చీపుర్ని నేలమీదే ఈడ్చుకుంటూ వెళ్లడం మొదలెట్టింది. కుక్కర్ పెట్టేముందు వంటింటి తలుపు వేసేది. రాత్రి పెరుగన్నం గిన్నె మంచం వారన పెట్టి వెళ్లిపోయేది. తెల్లారేసరికి గిన్నె తళతళలాడేది. మధ్యాహ్నం మంచానికి వీపు పెట్టి కూర్చుని మునగాకు దూసుకునేది. పదకొండో రోజున ఆ వీపుని ఏదో తడిగా తాకింది. అక్క తిరగలేదు, మునగాకు దూస్తూనే ఉంది. గుమ్మంలోంచి చూసిన బావగారు "టైగర్!" అని కేకేశారు. మళ్లీ ఆవకాయ జాడీ వెనక్కి.

ఆ పూట మా అక్క ఆయనతో ఏమన్నదో ఇద్దరూ చెప్పలేదు. మర్నాటి నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు బంద్. బావగారు అక్క కూర్చునే చోటికి కాస్త ఎడంగా, గోడవైపు తిరిగి పేపరు చదవడం మొదలెట్టారు.

మొన్న ఆదివారం ఫోను చేశాను. ఎంతకీ ఎత్తలేదు. ఎత్తాక గుసగుసగా మాట్లాడారు.

"ఏమైందండీ, ఒంట్లో బాలేదా?"

"గట్టిగా అనకోయ్. పాదం మీద గడ్డం పెట్టి పడుకుంది. గంటన్నరైంది. పేజీ తిప్పితే చప్పుడవుతుందని ఈ టెండరు ప్రకటనలే నాలుగుసార్లు చదివా."

"మరి కాలు?"

"మోకాలి దాకా తిమ్మిరెక్కింది. మీ అక్క గుడి నుంచి వస్తే లేపుతుంది. నువ్వు పెట్టెయ్, రింగుకే ఒక చెవి లేచింది."