బ్యాచ్‌కొక బాలు

ప్రతి కాలేజీ బ్యాచ్‌లోనూ కొన్ని పోస్టులు తప్పకుండా భర్తీ అయి ఉంటాయి. ఫస్టు ర్యాంకరు, అందరి దగ్గరా చేబదులు తీసుకునేవాడు, ప్రేమలేఖలు రాసిపెట్టేవాడు, వాటిని వార్డెనుకి చేరవేసేవాడు. ముప్ఫై అయిదేళ్ళు గడిచేసరికి ఇవన్నీ తారుమారైపోతాయి. చేబదుళ్ళవాడు ఏదో బ్యాంకులో మొండిబాకీలు వసూలు చేస్తుంటాడు. ప్రేమలేఖలవాడు టెండరు నోటీసులు రాస్తుంటాడు. పదవీ విరమణ లేని పోస్టు ఒక్కటే. అది బ్యాచ్ బాలుది.

మీ బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. గుర్తుపట్టడం తేలిక. పాడమని ఎవరూ అడక్కముందే "గొంతు బాగాలేదప్పా" అంటాడు. అయినా ఎవరూ అడక్కపోతే అదే మాట ఇంకొంచెం గట్టిగా అంటాడు. చొక్కా జేబులో పటికబెల్లం, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, నడి ఏప్రిల్‌లో కూడా మెడకి మఫ్లరు. చల్లటి నీళ్ళు పడవు. ఐస్‌క్రీము మాత్రం పడుతుంది, రెండు.

మావాడికి ఈ పదవి మీద అదనపు హక్కు కూడా ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగులో చేరింది మా అనంతపురంలోనే. టైఫాయిడ్ రావడంతో చదువు మధ్యలో వదిలేశాడు. ఆ తర్వాత మద్రాసు, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న', అక్కణ్నుంచి అందరికీ తెలిసిన కథే. మావాడు ఈ చరిత్రని తన పద్ధతిలో చదువుకున్నాడు. "ఆయనకి టైఫాయిడ్ వచ్చె, బయటపడె. నాకు నాలుగేళ్ళలో జలుబు గూడా రాకపాయె, బీటెక్ పూర్తయిపాయె" అని ఇప్పటికీ వాపోతుంటాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే జిల్లాలో పుట్టి, నీటిపారుదల ఇంజనీరయ్యాడు. సాధనకి కావలసినంత తీరిక ఉంటుంది కదా అని మేం, అస్సలుండదని వాడు.

మేం చదివింది 1987 నుంచి 1991 దాకా. అప్పట్లో పాటంటే క్యాసెట్టు. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసుకుని బజార్లో రికార్డింగు కొట్టుకి వెళ్ళాలి. అరవయ్యా తొంభయ్యా అని అడిగేవాడు కొట్టాయన. తొంభైలో పాటలు ఎక్కువ పడతాయి కానీ టేపు పలచన. దాన్ని మా టేప్‌రికార్డరు తమలపాకులా నమిలేసేది. అప్పుడు క్యాసెట్టు కన్నంలో పెన్సిలు దూర్చి, పేగులు లోపలికి సర్దినంత జాగ్రత్తగా తిప్పుకోవాలి. ఆ టేప్‌రికార్డరైనా మా వరండాకంతటికీ ఒకటే. దాని సొంతదారుడు శనివారం ఊరికి పోతూ దాన్నీ చంకనబెట్టుకుని పోయేవాడు. శని, ఆదివారాలు ఆ డ్యూటీ మా బాలుది. కరెంటు పోయినా ఆగని టేప్‌రికార్డరు హాస్టలు మొత్తానికి వాడొక్కడే. ఆపే మీట లేకపోవడమే లోపం.

1989లో 'గీతాంజలి' వచ్చింది. ఇళయరాజా బాణీలు, వేటూరి మాటలు, పైగా బాలు గొంతు. హాస్టలు హాస్టలంతా నయంకాని జబ్బుతో చచ్చిపోవాలని కలలు కంది. తలా రెండు రూపాయలు వేసుకుని పాటలు రికార్డు చేయించాం. కంపెనీ క్యాసెట్టుకైతే వెనకవైపు బుల్లి పలకలు ముందే విరిచేసి ఉంటాయి, దాని మీద మళ్ళీ రికార్డు కాదు. కొట్టులో చేయించుకున్నదానికి వాటిని మనమే విరగ్గొట్టుకోవాలి. ఇంజనీరింగు విద్యార్థులం కాబట్టి ఆ సంగతి మాకు తెలియదు. ఒక సాయంత్రం ఎవడో ప్లే నొక్కబోయి పక్కనున్న ఎర్ర మీట కూడా కలిపి నొక్కేశాడు. సరిగ్గా ఆ క్షణంలోనే ఇంకొకడు తలుపు తోసుకొచ్చి "రేయ్, ఈ పొద్దు మెస్సులో గుడ్డంటరా!" అని అరిచాడు. అంతా కలిపి నాలుగు సెకన్లు. రెండో చరణంలో వేటూరి లైను ఒకటి పోయి, ఆ చోట గుడ్డు వచ్చి కూర్చుంది.

మళ్ళీ రికార్డు చేయించడానికి ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. మా బాలు ఆ క్యాసెట్టు వినే పాట నేర్చుకున్నాడు. రెండో చరణంలో ఆ చోటికి రాగానే చెయ్యెత్తి ఒక్క క్షణం ఆగేవాడు. వరండా మొత్తం గుడ్డు కబురు అందించేది. వాడు తర్వాతి లైను అందుకునేవాడు. మొదట్లో నవ్వులాటగా చేశాం. చివరి సెమిస్టరుకొచ్చేసరికి గుడ్డుకి కూడా శ్రుతి కుదిరింది.

చదువైపోయాక అందరం తలోదారీ పట్టాం. మావాడు మాత్రం పోస్టు వదల్లేదు. 1996లో టీవీలో 'పాడుతా తీయగా' మొదలైతే, వయసు దాటిపోయిందని తెలిసీ ఇంట్లో కూర్చుని పాల్గొన్నాడు. పోటీలో పాడేది పిల్లలు, న్యాయనిర్ణయం మావాడిది, శిక్ష వాళ్ళావిడది. ఫోన్లలోకి కరోకే వచ్చాక ఊరూపేరూ తెలియని గాయనీమణులతో యుగళగీతాలు పాడి, పొద్దున్నే అయిదున్నరకి మా గ్రూపులో పెడుతున్నాడు. విన్నామని చెప్పేదాకా మళ్ళీ పెడతాడు. విన్నామంటే ఇంకోటి పెడతాడు. 2020 సెప్టెంబరు 25న అసలు బాలు పోయినప్పుడు మాత్రం వాడి నుంచి వారం రోజులు ఏమీ రాలేదు. మేం సంతాపం వాడికే చెప్పాం. కొందరం ఫోను చేసి "భోంచేశావా?" అని కూడా అడిగాం.

మొన్న జనవరిలో, పండగ ముందు శనివారం, అందరం అనంతపురంలో కలిశాం. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఉగ్గాని విలువ తెలియాలంటే ముప్ఫై ఏళ్ళు ఓట్సు తిని రావాలి. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయల తిరగమోత, పైన పప్పుల పొడి, పక్కన నోరు మండించే బజ్జి. "కారం గొంతుకి మంచిది కాదు" అంటూనే మావాడు అయిదో బజ్జి అందుకున్నాడు. తర్వాత కాలేజీ చూడ్డానికి వెళ్ళాం. అప్పటి వేపచెట్లు మమ్మల్ని గుర్తుపట్టినట్టు లేవు. వాచ్‌మన్ మాత్రం "ఎవురి తండ్రులు సార్ మీరంతా?" అని ఆప్యాయంగా అడిగాడు.

సాయంత్రం ఏడింటికి హోటలు హాలులో కార్యక్రమం. ఊళ్ళోనే ఉన్న కుర్రాళ్ళ ఆర్కెస్ట్రా, కీబోర్డు, ప్యాడ్లు, వెనక చిన్న తెర మీద పాట మాటలు. మావాడు మైకు అందుకుని "హలో, హలో, చెక్" అని పదిహేను నిమిషాలు పాడాడు. ఎకో పెంచమన్నాడు, తగ్గించమన్నాడు, మళ్ళీ పెంచమన్నాడు. మొదటి పాటకే 'ఓ పాపా లాలి'లో బాలు గుక్కతిప్పుకోకుండా పాడిన పాట పెట్టమన్నాడు. వాళ్ళావిడ మొహం తిప్పుకుంది.

"భయపడొద్దు వదినా, పక్కనే డాక్టరున్నాడు" అన్నాన్నేను.

"ఆయన గురించి కాదన్నా, బాలుగారి గురించి" అందావిడ.

గుక్క ఆరుచోట్ల తిప్పుకున్నాడు. కణతల మీద నరాలు తేలాయి. పాటయ్యాక, "మధ్యలో గాలి పీల్చినట్టు వినబడింది గానీ, అది మైకు" అని వివరణ ఇచ్చాడు. చప్పట్లు కొట్టాం. ప్రాణాలతో ఉన్నందుకు కొట్టే చప్పట్లు కూడా చప్పట్లే.

ఇక 'గీతాంజలి' పాట. రెండు శ్రుతులు దించమని కీబోర్డు కుర్రాడికి సైగ చేశాడు. ఒకప్పుడు టేప్‌రికార్డరు లేని లోటు తీర్చిన గొంతు అది. ఇప్పుడు పైస్థాయిలో అరుగుతోంది, కింది స్థాయిలో ఊగుతోంది, తొంభై నిమిషాల టేపులాగే. అయినా పల్లవి ఎత్తుకోగానే హాలులో సెల్‌ఫోన్లు కిందికి దిగాయి. బట్టతలలూ అద్దిన రంగులూ మర్చిపోయి అందరం ముందుకి జరిగి కూర్చున్నాం.

గుడ్డు కబురు మోసుకొచ్చినవాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. కొలెస్ట్రాల్ వల్ల గుడ్డు మానేశాడు. అక్కడ పొద్దున ఏడున్నర. వీడియో కాల్‌లో వాణ్ని పెద్ద తెర మీద పెట్టాం. మాటల్లో ఎవరూ అనుకోలేదు కానీ, ఆ లైను ఎవరిదో వాడికే వదిలేయాలని అందరికీ తెలుసు. రెండో చరణం వచ్చింది. మావాడు చెయ్యెత్తి ఆగాడు. వంద మందిమి ఊపిరి బిగబట్టాం. చిన్న తెర మీద వేటూరి లైను పసుపురంగు పులుముకుంటూ సాగిపోతోంది. దానివంక చూసినవాడు లేడు. పెద్ద తెర మీద నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. ఒక సెకను, రెండు సెకన్లు. కీబోర్డు కుర్రాడు తికమకపడి మావాడి వంక చూస్తూనే వాయించుకుపోయాడు. తర్వాతి లైను సగంలో ఉండగా సముద్రాలు దాటి వచ్చి పడింది: "రేయ్, ఈ పొద్దు మెస్సులో గుడ్డంటరా!"

పాట అక్కడితో ఆగిపోయింది. ఎవరం పాడే స్థితిలో లేం. మొదటిసారిగా మా బాలు చేతిలోంచి మైకు దానంతటదే కిందికి దిగింది. కళ్ళు తుడుచుకోవడానికి మఫ్లరు పనికొచ్చింది.

సామాను సర్దుకుంటూ కీబోర్డు కుర్రాడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. "సార్, ఈ పాట వందసార్లు వాయించినాను. ఆ గుడ్డు సంగతి ఒరిజినల్లో యాడుంది?"

"మా ఒరిజినల్లో ఉంది" అన్నాను.

ఇంటికొచ్చాక, ఇన్నేళ్ళకి ఒకసారి, ఫోన్లో అసలు పాట పూర్తిగా విన్నాను. బాలు గొంతు అలాగే ఉంది, వయొలిన్లు అలాగే ఉన్నాయి. రెండో చరణంలో ఆ చోట వేటూరి లైను వచ్చింది. మంచి లైనే. కానీ ఎవడో ఎర్ర మీట నొక్కేసినట్టు అనిపించింది.