ఎందుకో చెప్పాలి: ఒక పాత హార్డ్ డిస్క్ ఆత్మకథ

నేను హార్డ్ డిస్క్‌ని. కెపాసిటీ 500 జీబీ. నా లోపలి పళ్లేలు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. నా జాగా అంతా 512 బైట్ల చొప్పున సెక్టార్లుగా పంచి ఉంటుంది. అవి మొత్తం 97 కోట్ల 67 లక్షల 73 వేల 168. దేని నంబరు దానికుంది. ఏ సెక్టార్లో ఏ బైటుందో అడిగితే ఠక్కున చెప్పగలను. అది ఎవరిదో, ఎందుకు రాశారో మాత్రం నాకు తెలియదు. ఆ సంగతి తేల్చాల్సింది మనుషులే. తేల్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఒక బీటెక్ మూడో సంవత్సరం అమ్మాయి దగ్గర చూశాను. అది చెప్పడానికే ఈ కథ.

నా మొదటి కొలువు తణుకులో ఒక ఫొటో స్టూడియోలో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, కరిజ్మా ఆల్బమ్‌లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. మాఘమాసం వచ్చిందంటే నాకు ఊపిరాడేది కాదు. కొన్నేళ్లకి స్టూడియో ఆయన కొత్త సిస్టమ్ కొనుక్కుని, నన్ను ఫార్మాట్ కొట్టి అమ్మేశాడు. అంతా పోయిందనే అనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. క్విక్ ఫార్మాట్ చేస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే కొత్తదవుతుంది. ఫైలు డిలీట్ చేసినా అంతే, ఆ చోటు ఖాళీ అని పట్టికలో గుర్తు పడుతుంది. దాని మీద ఇంకోటి రాసేదాకా పాత బైట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. డిజిటల్ ఫోరెన్సిక్స్ అనే శాస్త్రంలో సగం ఈ ఒక్క నిజం మీదే నిలబడింది.

చేతులు మారి మారి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి చేరాను. అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారు అది. అక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ నన్ను కొని ల్యాబ్‌కి తెచ్చారు. సెలవుల్లో రీసెర్చ్ చేస్తానని వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టి, "ముందు దీన్ని పూర్తిగా తుడిచెయ్యమ్మా" అన్నారు.

"పాత ఫొటోలేమైనా దొరుకుతాయేమో మేడమ్. టెస్టింగ్‌కి పనికొస్తాయి కదా?"

"దొరుకుతాయి. అందుకే తుడవమంటున్నా. అవి ఎవరింటి పెళ్లో ఏమో. వాళ్లు మనకి ఇవ్వలేదు కదమ్మా."

ఆ ఒక్క మాటతో మేడమ్ మీద నాకు గౌరవం కలిగింది. అమ్మాయి నా మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా సున్నాలు రాసింది. ఆ పని గంటల తరబడి సాగింది. తణుకు పెళ్లిళ్లన్నీ అప్పుడు నిజంగా వెళ్లిపోయాయి.

తర్వాత నాలోకి కొత్త ఫైళ్లు వచ్చాయి. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉన్న పత్రాలను సుమారు పది లక్షలు సేకరించి, సిమ్సన్ గార్ఫింకెల్ బృందం 2009లో గవ్‌డాక్స్ అనే పేరుతో పరిశోధకులకు ఇచ్చింది. వాటిలో కొన్నిటిని అమ్మాయి నాలో రాసింది. పీడీఎఫ్‌లు, జేపెగ్ చిత్రాలు, వెబ్ పేజీలు, ఎక్సెల్ షీట్లు. ఏ ఫైలు ఏ సెక్టార్లో పడిందో ఒక పట్టికలో రాసిపెట్టుకుని, తర్వాత డిలీట్ చేసేసింది. పరీక్ష పెట్టేవాళ్ల దగ్గర సరైన జవాబు ముందే ఉండాలి మరి.

ఆ తర్వాతి ఘట్టం నాకు చాలా ఇష్టం. ఆమె నన్ను నేరుగా కంప్యూటర్‌కి తగిలించలేదు. మధ్యలో రైట్ బ్లాకర్ అనే చిన్న డబ్బా పెట్టింది. నా నుంచి చదవడానికి అది దారి ఇస్తుంది, నా మీద రాయడానికి ఇవ్వదు. మామూలుగా తగిలిస్తే ఎవరూ ఏమీ చెయ్యకుండానే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో ఒకటి రాసేస్తుంది, సాక్ష్యం చెడుతుంది. ఆ డబ్బా గుండా నన్ను బైటు బైటుగా కాపీ చేసి, నాకూ ఆ కాపీకీ షా-256 హాష్ లెక్కగట్టింది. అరవై నాలుగు అక్షరాల వరస అది. నాలో ఒక్క బిట్టు మారినా వరస మొత్తం మారిపోతుంది. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి, స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమూ సరిచూసుకుంది. కంప్యూటరే పోల్చి చెబుతుందని ఆమెకి తెలుసు. అయినా తన కళ్లతో చూసుకుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హాష్ విలువ రాయాలి. రేపు తాను అలాంటి కాగితం మీద సంతకం పెట్టాల్సి రావచ్చన్న శ్రద్ధ ఆమె పనిలో కనిపించింది.

ఇక అసలు పని. డిలీట్ అయిన ఫైలు ముక్కలుగా దొరికినప్పుడు, ఏ ముక్క ఏ రకం ఫైలుదో చెప్పాలి. ఫైలు మొదటి ముక్క దొరికితే సులువే. జేపెగ్ అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది, పీడీఎఫ్ తన పేరు తానే చెప్పుకుంటుంది. మధ్య ముక్క దొరికితేనే చిక్కు. అమ్మాయి నా కాపీని 4,096 బైట్ల ముక్కలుగా కోసి న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పించింది. ఒకే ఫైలు ముక్కలు నేర్పేవాటిలో కొన్ని, పరీక్ష పెట్టేవాటిలో కొన్ని పడకుండా ఫైళ్ల వారీగా విడదీసింది. మోడల్ బాగా నేర్చుకుంది. వెబ్ పేజీ ముక్కల దగ్గరైతే దాదాపు తడబాటే లేదు. అమ్మాయి సంబరంగా చూపిస్తే మేడమ్ ఒకే ప్రశ్న వేశారు.

"బాగుందమ్మా. ఎందుకలా చెబుతోంది?"

నా వయసులో అంత చిన్న ప్రశ్నకి అంత పెద్ద పని పుట్టడం నేను చూడలేదు.

మేడమ్ ఒక ప్రయోగం సంగతి చెప్పారు. 2016లో మార్కో రిబేరో, సమీర్ సింగ్, కార్లోస్ గెస్ట్రిన్ అనే పరిశోధకులు తోడేళ్లనీ హస్కీ కుక్కలనీ వేరుచేసే మోడల్‌ని తయారుచేశారు. తోడేలు ఫొటోలన్నిటి వెనకా మంచు ఉండేలా కావాలనే ఏరారు. మోడల్ జంతువుని వదిలేసి మంచుని నేర్చుకుంది. జవాబులు మాత్రమే చూసినవాళ్లలో చాలామందికి ఆ సంగతి తట్టలేదు. ఏ భాగాన్ని చూసి జవాబు చెప్పిందో బయటపెట్టే లైమ్ అనే పద్ధతితో స్పష్టంగా కనిపించింది. ఎక్స్‌ప్లెయినబుల్ ఏఐ అని ఇప్పుడు పిలుస్తున్న రంగం పని ఇదే.

అమ్మాయి షాప్ అనే పద్ధతిని ఎంచుకుంది. దాని మూలం 1953లో లాయిడ్ షాప్లీ రాసిన గేమ్ థియరీ సూత్రం. ఆయనకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సూత్రాన్ని 2017లో స్కాట్ లండ్‌బర్గ్, సు-ఇన్ లీ మోడళ్లని వివరించడానికి తెచ్చారు. ఆ రాత్రి పల్నాడు నుంచి వాళ్లమ్మ ఫోన్ చేస్తే అమ్మాయి ఇలా చెప్పింది.

"వరి కోతకి ముఠా పోద్ది కదమ్మా. గుత్తకి వచ్చిన కూలి న్యాయంగా పంచాలంటే ఏం చెయ్యాలి? ఒక్కో మనిషి ఉన్నప్పుడు ఎంత కోశారు, లేనప్పుడు ఎంత తగ్గింది, ఎవరెవరితో కలిస్తే ఎంతయింది, అన్నీ చూసి సగటు కట్టాలి. ఇక్కడ ఆ కూలోళ్లు బైట్లు. జవాబులో ఏ బైటు వాటా ఎంతో లెక్క కడుతున్నా."

"అది తెలిస్తే ఏమవుద్దే?"

"రేపు ఎవరినన్నా కేసులో పెడితే, కంప్యూటర్ చెప్పిందని పెట్టకూడదు కదమ్మా. ఏం చూసి చెప్పిందో చూపించాల."

"అవును, చూపించాలిగా మరి" అంది ఆ తల్లి. ఆమె చదువుకున్నదో లేదో నాకు తెలియదు. న్యాయం మాత్రం తెలుసు.

మర్నాడు స్క్రీన్ మీద నా ముక్కలు రంగుల్లో తేలాయి. వరసకి పదహారు బైట్లు, ముక్కకి 256 వరసలు. జవాబు వైపు నెట్టిన బైటు ఎరుపు, వెనక్కి లాగినది నీలం. మొదట ఒక జేపెగ్ ముక్క. అక్కడక్కడా ఎఫ్‌ఎఫ్, దాని పక్కనే 00, ఆ జంటలన్నీ ఎర్రగా వెలిగాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. జేపెగ్ చిత్రం లోపల ఎఫ్‌ఎఫ్ బైటు పడితే, దాన్ని వేరే ఆదేశమని పొరబడకుండా వెనకే 00 చేర్చాలని ఆ ఫార్మాట్ నియమం. తణుకులో పెళ్లి ఫొటోలు మోసినన్నాళ్లూ నా మీద ఆ జంటలే పడ్డాయి. ఎవరూ చెప్పకుండానే మోడల్ ఆ నియమాన్ని పట్టుకుంది. ఇది సరైన కారణం. జేపెగ్ ప్రమాణం తెలిసినవాళ్లెవరైనా సరిచూడొచ్చు.

తర్వాత వెబ్ పేజీ ముక్క తీసింది. పై సగంలో టేబుల్, హెడ్ లాంటి ట్యాగులు స్పష్టంగా చదవొచ్చు. కింద సగమంతా సున్నాలు. ట్యాగుల మీద ఎరుపు అంతంతమాత్రం. సున్నాల మీద మాత్రం ముద్దగా పులిమినట్టుంది. అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది.

ఆ సున్నాలు ఎవరివో నాకు తెలుసు. అవి వెబ్ పేజీవి కావు, నావి. ఫైలు ఒక ముక్క మధ్యలో అయిపోతే మిగిలిన చోటుని స్లాక్ అంటారు. వెబ్ పేజీలు చిన్న ఫైళ్లు కాబట్టి వాటి ముక్కల్లో చాలా భాగం చివరి ముక్కలే. నన్ను తుడిచి ఉండటంతో ఆ స్లాక్ అంతా సున్నాలే. చివర సున్నాలుంటే వెబ్ పేజీ అని మోడల్ అడ్డదారి పట్టింది. జనం వాడిన డిస్కుల్లో స్లాక్‌లో తరచూ పాత ఫైళ్ల శేషాలుంటాయి. అక్కడ ఈ దారి ఎక్కడికీ పోదు.

ఆమె అనుమానంతో ఆగలేదు. సున్నాలు తీసేసి, ఆ చోట వేరే ఫైళ్ల శేషాలు నింపి మళ్లీ అడిగింది. ట్యాగులు ఎక్కడివక్కడే ఉన్నా మోడల్ మాట మార్చేసింది. ఈసారి స్లాక్‌లో రకరకాల శేషాలు నింపిన ముక్కలతో మొదటి నుంచి నేర్పించింది. ఎరుపు ట్యాగుల మీదికి నడిచింది. మొత్తం మార్కులు కాస్త తగ్గాయి. మేడమ్ మొహం మాత్రం వెలిగింది. "ఇప్పుడు వచ్చిన మార్కులు దానివేనమ్మా" అన్నారు.

వివరణనైనా గుడ్డిగా నమ్మకూడదని ఆ పిల్ల ఆపైన నేర్చుకుంది. షాప్‌తో పోల్చి చూద్దామని లైమ్‌ని కూడా ఒకే ముక్క మీద రెండుసార్లు నడిపితే రెండు రకాల రంగులొచ్చాయి. అది యాదృచ్ఛికంగా నమూనాలు తీసుకుని లెక్కగడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. నమూనాలు పెంచి, రంగులు నిలకడగా ఉన్న చోటే లెక్కలోకి తీసుకుంది. 2018లో జూలియస్ అడెబాయో బృందం చూపిన పరీక్ష కూడా పెట్టింది. మోడల్ నేర్చుకున్న విలువలన్నిటినీ చెదరగొట్టి మళ్లీ వివరణ అడగాలి. అప్పుడూ రంగుల బొమ్మ మారకపోతే, ఆ బొమ్మ మోడల్ గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. ఆమె బొమ్మ చెదిరిపోయింది. చెదరాల్సిందే. ప్రమాదం ఎక్కువున్న నిర్ణయాలకి నల్లపెట్టె లాంటి మోడళ్లని వివరించే బదులు, మొదటే అర్థమయ్యే మోడల్ కట్టమని 2019లో సింథియా రూడిన్ వాదించింది. అదీ చదివి, ఎఫ్‌ఎఫ్ 00 జంటలెన్ని, చదవగలిగే అక్షరాలెన్ని, బైట్లు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే ఎంట్రోపీ ఎంత అన్న ప్రశ్నలతో చిన్న డెసిషన్ ట్రీ కట్టింది. అది కొంచెం వెనకబడినా ప్రతి మెట్టూ కాగితం మీద కనిపిస్తుంది. రెండింటినీ రిపోర్టులో పక్కపక్కన పెట్టింది.

ఒక చోట మాత్రం రెండూ చేతులెత్తేశాయి. జిప్ ఫైలు మధ్య ముక్కని, ఎన్‌క్రిప్ట్ చేసిన ముక్కని ఎదురెదురుగా పెట్టింది. రెండింటిలోనూ బైట్లు దాదాపు సమానంగా చెల్లాచెదురై ఉంటాయి. ఎంట్రోపీ రెండింటికీ బైటుకి ఎనిమిది బిట్లకి దగ్గరే. ట్రీ ఎటూ చెప్పలేకపోయింది. నెట్‌వర్క్ మాత్రం ధీమాగా ఒక పేరు చెప్పింది. వివరణ అడిగితే ఎరుపూ నీలమూ ముక్కంతా ఇసుక చల్లినట్టు చెదిరి ఉన్నాయి, పట్టుకోవడానికి ఒక్క కారణమూ లేదు. కేసులో ఈ తేడా చిన్నది కాదు. ఒకటి మామూలుగా కుదించిన ఫోల్డర్, ఇంకోటి ఎవరో తాళం వేసి దాచిన సమాచారం. అమ్మాయి రిపోర్టు పట్టికలో కొత్త గడి గీసి "తేల్చలేము" అని శీర్షిక పెట్టింది. ఎక్కడ కారణం నిలకడగా లేదో ఆ ముక్కలన్నీ అందులోకి వెళ్లాయి.

ఆఖరి రోజుల్లో మేడమ్ ఆమెకి సాక్ష్య అధినియమ్ 45వ సెక్షన్ చదివి వినిపించారు. 1872 నాటి చట్టంలో 51వ సెక్షన్‌గా ఉన్నదే ఇది. జీవించి ఉన్న మనిషి అభిప్రాయం కేసుకి సంబంధించినదైతే, ఆ అభిప్రాయానికి ఆధారాలు కూడా సంబంధించినవే అంటుంది. నిపుణుడు తాను చేసిన ప్రయోగాలని వివరించవచ్చని ఉదాహరణ కూడా ఇస్తుంది. మోడల్ బోనెక్కదు, ప్రమాణం చెయ్యదు, అడ్డు ప్రశ్నలకి జవాబివ్వదు. బోనులో నిలబడేది మనిషే. ఆ మనిషి చేతిలో కారణాలుండాలి, వాటిని కుదిపి చూసిన ప్రయోగాలుండాలి. అమ్మాయి సెలవులంతా చేసింది అదే.

నేను ఇంకా ఆ ల్యాబ్‌లోనే ఉన్నాను. తర్వాతి బ్యాచ్ పిల్లలు నా మీద పని మొదలుపెట్టారు. వాళ్లకీ, ఫోరెన్సిక్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకీ, దర్యాప్తు అధికారులకీ నాదొక్కటే కోరిక. నాలాంటి డిస్కులో ఒక మనిషి బతుకంతా ఉంటుంది. యంత్రం జవాబు ఎంత ధీమాగా ఉన్నా ఏ బైట్లని చూసి చెప్పిందో అడగండి, ఆ బైట్లు మార్చి మళ్లీ అడగండి. కారణం నిలబడితే ధైర్యంగా రాయండి. నిలబడకపోతే "తేల్చలేము" అని అంతే ధైర్యంగా రాయండి. ఆ మాట రాయగలిగినవాళ్ల చేతిలో నిర్దోషికి భయముండదు, దోషికి దారి దొరకదు.