మూతబడిన బాయిలో బొమ్మలాట

లోకమున నొక వింత ఆచారము ప్రబలినది. యంత్రము నడచినంతకాలము దాని దాపునకు పోవలసివచ్చినపుడెల్ల ముక్కునకు రుమాలు అడ్డము పెట్టుకొను పెద్దమనుషులు, ఆ యంత్రము నిలిచి, పొగగొట్టము చల్లబడి, పనివాడు మూటముల్లె సర్దుకొని వెడలిపోయిన మరునాటినుండి అచ్చటి యిటుకలలో సౌందర్యమును, తుప్పులో చరిత్రను, బూడిదలో సంస్కృతిని దర్శింప మొదలిడుదురు. ఇంగ్లండు నైఋతి కొసనున్న కార్న్‌వాల్ సీమలో తగరపు గనులు ఒక్కటొక్కటిగా మూతబడి, తుదకు 1998లో సౌత్ క్రాఫ్టీ గనియు మూతబడగా, 2006లో ఆ పాడుగనులకు యునెస్కోవారు ప్రపంచ వారసత్వ గౌరవమిచ్చిరి. ఆ గౌరవమునకు పదియేండ్లు నిండిన సందర్భమున, 2016లో, మూడంతస్తుల మేడ యెత్తుగల గని కార్మికుని యంత్రపు బొమ్మ నొకదానిని నిర్మించి, మనుషులచే తాళ్లు లాగించుచు ఊరూర ఊరేగించిరి. జనులు తండోపతండములుగా వచ్చి చూచిరి. అదే సీమలో కడలి యొడ్డున నున్న యిండ్లను దూరనగరములవారు వేసవి విడుదులకై కొనివేయుచుండగా, గనివాని మనుమడు అద్దెయిల్లు దొరకక తిరుగుచుండుట వేరు సంగతి. బొమ్మకు మాత్రము ఏ రాత్రియు బసకు కొదువ రాలేదు.

ఫ్రాన్సులోని నాంత్ నగరమున ఓడలు కట్టు కార్ఖానా 1987లో ఆగిపోయినది. 2007 నుండి ఆ స్థలముననే పండ్రెండు మీటర్ల యెత్తుగల యేనుగు బొమ్మ, కొయ్యతోను ఇనుముతోను చేసినది, ప్రయాణికులను మోసికొని తొండముతో నీరు చిమ్ముచు షికారు చేయుచున్నది. ఓడలు కట్టినవారికంటె ఏనుగునకు పేరు హెచ్చు.

ఇట్టి విషయములలో మనవారు మిక్కిలి వెనుకబడియున్నారని నా మనవి. ఈ వెనుకబాటు మూతబడిన కార్ఖానాల కొఱతచేత నేర్పడినది కాదు. ఆ సంపదలో ఉమ్మడి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు ఏ ఖండమువారికిని తలవంచవలసిన పనిలేదు. నిజాము ఏలుబడిలో 1938లో పుట్టిన కాగితపు మిల్లు, కొత్తపేట యను పల్లెను కాగజ్‌నగర్ పట్టణముగా మార్చివైచెను. దాని చెంతనే వెలసిన సర్‌సిల్కు కర్మాగారము 1980ల నడుమ మూతబడగా, అందలి కార్మికులు రావలసిన బకాయిలకై న్యాయస్థానముల మెట్లెక్కుచు దిగుచునే ముసలివారైరి. కాగితపు మిల్లు 2014లో ఆగి, 2018లో క్రొత్త యజమానుల చేతిలో మరల కదలినది. గేటు పాతదే యైనను పాతవారందరికిని అది తెరచుకొనలేదు. రామగుండమున బొగ్గుతో ఎరువు చేయు కార్ఖానా 1980లో ఉత్పత్తి నారంభించి, 1999లో కన్నుమూసి, 2021లో సహజవాయువుతో పునర్జన్మమెత్తినది; పునర్జన్మమెత్తినవారికి పూర్వజన్మపు బంధువులు గుర్తుండరని పెద్దలు చెప్పుచునేయున్నారు. ఆ యూరనే 1971లో వెలిగిన 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము 2024లో ఆరిపోయినది.

ఇక సింగరేణి బొగ్గుగనుల మాట చెప్పనేల? 1990ల ఆరంభమున లక్షకు పైబడియున్న కార్మికులు నేడు నలువదివేల చుట్టుప్రక్కలకు దిగిరి. బొగ్గు తగ్గినదా యనిన తగ్గలేదు, పెరిగినది. తట్టయు, చెమ్మసను పారయు పట్టి మనిషి చీకటిలో చేయు పనిని, ఆకాశము క్రింద డంపర్లును షావెళ్లును చేయుచున్నవి. బాయి యనబడు భూగర్భగని పోయి, ఓసీ యనబడు ఉపరితలగని వచ్చినది. ఓసీ వచ్చిన చోట ఊరు లేచిపోవును, ఊరున్న చోట గొయ్యి వచ్చును, గోతి ప్రక్కన దేవుడు మఱచిపోయిన గుట్టలను కంపెనీవారు మట్టితో పూరించి పెట్టుదురు. బెల్లంపల్లిలో బాయి సైరనుతో పొద్దు గుర్తించిన కాలనీలలో నేడు పొద్దు తనంతట తానే పొడుచుచున్నది.

మూతబడిన స్థలము నేమి చేయవలయునను విషయమున మాత్రము మన పొరుగువారికి గల సమయస్ఫూర్తి మనకు లేదు. ఓరుగల్లున 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు 2002లో మూతబడగా, ఆ భూమిలో రోడ్లు తీర్చి, ప్లాట్లు కోసి, ‘ఓ సిటీ’ యను చల్లని నామకరణము చేసిరి. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములనుండి మగ్గములు వదలి బొంబాయికి పోయిన మన పద్మశాలీలు ఏ మిల్లులలో నూలు పేనిరో, 1982 సమ్మెలో ఏ మిల్లు గేట్ల ముందు బైఠాయించిరో, ఆ మిల్లుల పేటయగు గిరణ్‌గావ్‌లోని ఫీనిక్సు మిల్లు నేడు అంగడి భవనమై, అచ్చట ఒక చొక్కా వెల ఆనాటి మిల్లు కూలివాని పెక్కు నెలల జీతమును మించియున్నది. చొక్కా నేసినవాని జిల్లా మాత్రము మనదే. ఈ గౌరవమును మనము సరిగా ప్రకటించుకొనలేదు.

అట్లని మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండిరనుట పాపమగును. 2022 డిసెంబరులో ఆర్టీసీవారు హైదరాబాదునుండి ‘సింగరేణి దర్శన్’ అను బస్సు నడుప మొదలిడిరి. భూగర్భగనిని, ఉపరితలగనిని, విద్యుత్కేంద్రమును చూపి మరల ఇల్లు చేర్చుట దాని విధి. పూర్వము బాయిలోనికి దిగిన మనిషికి కూలి యిచ్చెడివారు. ఇపుడు దిగువాడే టికెట్టు కొనవలయును. ఆర్థికశాస్త్రమున ఇంతకుమించిన పురోగతిని నేనెఱుగను. ఐనను ఈ దర్శనమున నొక లోపము తోచుచున్నది. గని కనబడును, యంత్రము కనబడును, బొగ్గు కనబడును, మనిషి కనబడడు. మనిషిని తెచ్చి నిలుపుదమనిన వాడు మాటలాడును, మాటలాడిన బకాయిల సంగతి యెత్తును. కావున బొమ్మయే శ్రేష్ఠము. ఏలినవారి సమక్షమున, మూతబడిన యొక బాయి ముఖద్వారము చెంత, కార్మికుల చరిత్రమును బొమ్మలాటగా ప్రదర్శింపవలయునని నేనొక ప్రణాళికను సిద్ధపఱచితిని. దీనిని నాకెవ్వరును అప్పగింపలేదు, ఖర్చు నెవ్వరును మంజూరు చేయలేదు, అందుచేతనే ఇది త్వరగా పూర్తియైనది.

బొమ్మలాటకు మనసీమ క్రొత్తది కాదు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటల ముచ్చట యున్నది. పాత వరంగల్లు జిల్లా అమ్మాపురమున కొయ్యబొమ్మలకు కాళ్లగజ్జెలు కట్టి ఆడించు కళాకారులు మన కాలమువరకును నిలిచినారు. కొయ్యకై దూరము పోనక్కరలేదు. నిర్మల్ నకాషీవారు తేలికయగు పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల ముద్దతో అతుకులు కప్పి, రంగులు పూసి పండ్లును పక్షులును చేయుదురు. పండ్లు చేయగలవారు బొగ్గు నింపు కోల్‌ఫిల్లరును చేయలేరా? ఒక్కచోట మాత్రము చిక్కు వచ్చును. రాజు బొమ్మకు భుజమున, మోచేత కీలుండిన చాలును, ఖడ్గమెత్తుటకంతకంటె నక్కరలేదు. బొగ్గు నింపువానికి నడుమున కీలు కావలయును, మోకాట కావలయును, తట్ట తలకెత్తుకొనునపుడు మెడ గట్టిగా నిలువవలయును, పైకప్పు టకటకమనినపుడు చెవి యొగ్గుటకు తల ప్రక్కకు తిరుగవలయును, టబ్బు నెట్టునపుడు మడమ నేలబట్టవలయును. ఇన్ని కీళ్లున్న బొమ్మ రెండేండ్లకు సడలిపోవునని పనివాడు చెప్పును. అది యథార్థమునకు చేరువయే గనుక ఆక్షేపింపరాదు.

సడలినను బొమ్మ కార్మికునకు గల సుగుణములు అపారములు. నాగా పెట్టడు. సంఘములో చేరడు; చేరినను ఎన్నికలలో గెలిచిన సంఘమేదో వానికి తెలియనవసరము లేదు. దసరాకు ముందు లాభములలో వాటా యెంత శాతమని పత్రికలు తిరుగవేయడు. వానిని పర్మనెంటు చేయవలయునను బెంగ లేదు, ఏలయన బొమ్మలాడించువారినే కంట్రాక్టరు ద్వారా తెచ్చుకొందుము. స్వచ్ఛంద పదవీ విరమణమనిన పెట్టెలో పడుకొనును.

చరిత్రమును కథగా మలచు పనికి జుట్టుపోలిగానిని సలహాదారుగా నియమించితిని. తోలుబొమ్మలాటలో వాని యోగ్యత తెలిసినవారికి ఈ నియామకము సమంజసముగనే తోచును. వాడు చెప్పినదేమనగా, కథ యెనుబదియైదు నిమిషములు దాటరాదు, దాటిన బస్సు తప్పును. 1871లో విలియం కింగు దొర ఇల్లెందు దాపున బొగ్గు కనుగొనుట చూపవలయును, దొర టోపీ అందముగానుండును. 1889లో త్రవ్వకము మొదలగుట చూపవచ్చును. 1981లో జరిగిన యేబదియాఱు దినముల సమ్మె వచ్చుసరికి పోలిగాడు కలము నోటబెట్టుకొని యోచించెను. ఒకనాటి సమ్మెకు ఎనిమిది నాళ్ల జీతము కోయు నిబంధనమే దానికి మూలమని చూపిన ప్రేక్షకులకు లెక్క అర్థము కాదనియు, కావున ఆ యేబదియాఱు దినములకు బదులు తెరపై వర్షము కురిపించి వాద్యము వాయింపవచ్చుననియు తేల్చెను. ప్రమాదములలో పోయినవారి విషయమున దీపములు తగ్గించి ఒక నిమిషము మౌనము. ఆపైన భోజన విరామము.

స్థలమును సిద్ధము చేయుట వేరొక పని. బాయిగడ్డ మీద తుమ్మలు కొట్టింపవలయును, మస్టరు గదికి సున్నము వేయింపవలయును, వెనుకటి కాలనీలో శిథిలమైన క్వార్టర్లలో ఇంకను కాపురముండు విరమణ చేసిన కార్మికులను, వారున్నచో చరిత్ర యింకను ముగియలేదను భ్రమ ప్రేక్షకులకు కలుగును గనుక, ఖాళీ చేయింపవలయును. ఖాళీయైన క్వార్టర్లలో నాలుగింటిని, పెంకు చెడకుండ, గోడపై బొగ్గు మరక చెడకుండ, లోపల చల్లనియంత్రము అమర్చి, ‘కార్మిక కుటీరము’ అను పేరిట ఒక్క రాత్రి బసకు ఇచ్చినచో ప్రదర్శనము ఖర్చు గడచిపోవును. ఇక ఆట విషయమునకు వచ్చిన, తొలుత ఆడించి చూచిన రంగమున తోలుబొమ్మలాట హాస్యపాత్రలగు కేతిగాడును బంగారక్కయు నిట్లు మాటలాడిరి.

“ఏందిరో కేతిగా, గీ బాయికాడ గిన్ని రంగుల లైట్లేంది? బతుకమ్మ పండుగ ముందటికొచ్చిందా?”

“లేదే బంగారక్కా, మా నాయిన దినాలు జేస్తున్నరు.”

“మీ నాయిన సచ్చి పదేండ్లాయె గద!”

“అప్పుడు జేద్దామంటె పైసల్లేకుండె. ఇప్పుడు సర్కారోల్లే టికెట్టు వెట్టి జేస్తున్నరు.”

“మంచిదేనాయె. మరి నా చాయ్ హోటల్ ఏదిరా? ఫస్టు షిఫ్టోల్లు నా చాయ్ తాగందే బాయి దిగకపోదురు.”

“గదో, గా అద్దాల పెట్టెల వెట్టిండ్రు జూడు. నీ కెటిలి, నీ బల్ల, నీ ఉద్దెర బుక్కు గూడ వెట్టిండ్రు.”

“నా ఉద్దెర బుక్కా! అండ్ల మీ నాయిన బాకీ ఉన్నదిరా.”

“గది గిప్పుడు చరిత్రనే అక్కా. ముట్టుకోనియ్యరు.”

“చాయ్ తాగాలంటె?”

“అవతల మిషిన్ల దొరుకుతది. నూట యాభై.”

పోలిగాడు ఈ రంగము విని, నూట యేబది యనుట మార్కెట్టునకు తక్కువ యని యొక్క సవరణ మాత్రము సూచించెను.

ముఖ్యమైన సంగతి ప్రేక్షకాసనముల పంపిణీ. మొదటి వరుస అతిథులకు, రెండవది అతిథుల వెంట వచ్చినవారికి, మూడవది బస్సువారికి కేటాయింపగా, చరిత్ర యెవరిదో వారికి చోటు మిగులలేదు. వారిని తెరవెనుక కూర్చుండబెట్టినచో దీపము వెలుతురులో బొమ్మలును కనబడును, టికెట్టు సమస్యయు తీరునని తోచినది. ఐతే అచ్చట తాళ్లు కనబడునే యని పోలిగాడు శంకించెను. బాయిలో ముప్పదియేండ్లు పనిచేసినవారికి తాళ్లు క్రొత్తగా చూపవలసిన పనిలేదని చెప్పి వానిని సమాధానపఱచితిని.

ఇంతవరకు అంతయు సవ్యముగ సాగినది. ఒక్క ధర్మసందేహమువద్ద మాత్రము ప్రణాళిక నిలిచిపోయినది. కీళ్లు సడలి, చెదలు పట్టి, బొమ్మ ఆటకు పనికిరాకపోయినపుడు దాని స్థానమున ఏ బొమ్మను పెట్టవలయును? సింగరేణిలో వారసత్వ ఉద్యోగములు న్యాయస్థానమున నిలువక, వైద్యుడు అనర్హుడని వ్రాసియిచ్చిన వాని బిడ్డకు కారుణ్య నియామకమను పేరిట పని దొరకుటయు, దానికై మెడికల్ బోర్డు ముందు తండ్రులు తమ రోగములను కొడుకుల భవిష్యత్తుగ మోసికొని నిలుచుండుటయు జగద్విదితము. ఇచ్చట బంగారక్క, కథలో లేని మాట కల్పించి, పోలిగానిని నిలదీసెను.

“ఓ పోలిగా, ఈ బొమ్మ అన్‌ఫిట్ అయితె దాని కొడుకును ఆటల తీస్కుంటరా?”

పోలిగాడు ఫైలు విప్పి మూయుచు, “బొమ్మకు కొడుకులున్నట్టు రికార్డుల లేదు” అనెను.

“తండ్రి పేరు మీ బోర్డు మీద గింత పెద్దగ రాస్తిరి గద, కొడుకు పేరు రాయనీకి జాగ దొరకకపాయెనా?”

ఈ ప్రశ్నను ప్రారంభోత్సవమునాటికి తొలగింపవలయునని, నేనును పోలిగాడును గల ప్రదర్శన సంఘము ఏకగ్రీవముగ తీర్మానించినది. బంగారక్క బొమ్మ నాడించువాడు మాత్రము, తన తండ్రియు కోల్‌ఫిల్లరే యనియు, ఆ మాట తాను తీసివేసినను చేయి దానంతటదే దారమును లాగుచున్నదనియు చెప్పుచు, ఆ తీర్మానముపై ఇప్పటికిని సంతకము పెట్టలేదు.