నష్టభయాల జాబితాలో నిజాయితీ

వాటాలను ప్రజలకు అమ్మదలచిన కంపెనీ మదుపరుల ముందుంచవలసిన వివరణ పత్రాన్ని ప్రాస్పెక్టస్ అంటారు; పెట్టిన డబ్బు ఏయే దారుల్లో పోవచ్చునో ఏకరువు పెట్టే భాగానికి అందులో నష్టభయాలని పేరు. బొగ్గు ధర పెరగడం, యంత్రాలు చెడిపోవడం, కోర్టు వ్యాజ్యాలు తగులుకోవడం వంటివి సాధారణంగా అక్కడ కనిపిస్తాయి. అమెరికాకు చెందిన ఏఈఎస్ అనే విద్యుదుత్పత్తి సంస్థ 1991లో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు మాత్రం ఆ జాబితాలో మునుపెన్నడూ వినని ప్రమాదం ఒకటి చేరింది: ఆ సంస్థకు విలువలున్నాయి. నిజాయితీ, న్యాయం, సరదా, సామాజిక బాధ్యత అనే నాలుగు విలువలకూ లాభానికీ పొత్తు కుదరని రోజు వస్తే విలువలనే పట్టుకుంటామని సంస్థ ప్రకటించగా, అలాంటి మాటకు తగిన చోటు నష్టభయాల భాగమేనని మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ పట్టుబట్టింది. ధర్మశాస్త్రం మీద పెట్టుబడి లోకం ఇంత నిక్కచ్చిగా రాసిన వ్యాఖ్యానం మరొకటి దొరకదు. అయితే తరువాతి చరిత్రను తిరగేస్తే, మదుపరులను అంతగా బెదరగొట్టవలసిన అవసరం లేకపోయిందని తేలుతుంది.

రోజర్ శాంట్, డెనిస్ బాకీ అనే ఇద్దరు మాజీ ప్రభుత్వాధికారులు 1981లో వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో నెలకొల్పిన ఈ సంస్థ స్వతంత్ర విద్యుదుత్పత్తిదారుగా, అంటే ఇంటింటికీ తీగలు లాగే పని పెట్టుకోకుండా కరెంటు తయారుచేసి పంపిణీ సంస్థలకు టోకున అమ్మే వ్యాపారిగా మొదలైంది. కనెక్టికట్ రాష్ట్రంలోని అన్‌కాస్‌విల్‌లో సుమారు 180 మెగావాట్ల థేమ్స్ బొగ్గు కేంద్రాన్ని కట్టబూనిన ఈ సంస్థ 1988లో లోకానికి ఒక సరికొత్త ప్రాయశ్చిత్త విధిని ప్రసాదించింది. ఒకచోట వదిలిన కర్బన వాయువును మరొకచోట చెట్ల చేత పీల్పించి లెక్క సరిపెట్టుకోవడాన్ని కార్బన్ ఆఫ్‌సెట్ అంటారు. ఆ తంతును తొలిసారి జరిపించిన యజమానిగా చరిత్ర ఏఈఎస్ పేరే చెబుతుంది. గ్వాటెమాలాలో సుమారు 40 వేల మంది చిన్న రైతులు పదేళ్లలో 5.2 కోట్ల చెట్లు నాటాలని, థేమ్స్ పొగగొట్టం 40 ఏళ్లలో కక్కబోయే కర్బనాన్ని ఆ చెట్లు దిగమింగాలని సంకల్పం చెప్పుకున్నారు. ఇందుకు సంస్థ సమర్పించిన దక్షిణ 20 లక్షల డాలర్లు, అంటే చెట్టుకు నాలుగు సెంట్ల లోపు. మిగిలిన ఖర్చును కేర్ అనే స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వాల సహాయ నిధులు, రైతుల రెక్కల కష్టం కలిసి మోశాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమన్న సామెతకు ఇంత అంతర్జాతీయ ఉదాహరణ దొరకడం అరుదు.

పుష్కర ఘాట్లలో అద్దె ఆవు తోక పట్టుకుని వైతరణి దాటే ఏర్పాటు తెలుగువారికి కొత్తేమీ కాదు గాని, ఆ ఆవును నలభై ఏళ్లు మేపే పనిని కూడా పరదేశపు పేదవాడికి అప్పగించి పుణ్యాన్ని మాత్రం తన ఖాతాలో జమచేసుకోవడం గోదాన శాస్త్రానికి జరిగిన ఆధునిక సవరణ. పదేళ్ల తరువాత కొలిచి చూస్తే చెట్లు పీల్చుకున్న కర్బనం లక్ష్యానికి చాలా దిగువన తేలింది. 2011లో థేమ్స్ కేంద్రమే దివాలా పిటిషన్ వేసి మూతపడింది కనుక, వ్రతం సగంలో ఉండగానే వ్రతకర్త కన్నుమూశాడు. మిగిలిన చెట్లు మాత్రం అతని బాకీ తీరుస్తూనే ఉన్నాయి.

ప్రాస్పెక్టస్ హెచ్చరిక అక్షరాలా నిజమైన సందర్భమూ ఒకటి లేకపోలేదు. ఓక్లహోమా రాష్ట్రంలోని షేడీ పాయింట్ కేంద్రంలో కొందరు ఉద్యోగులు నీటి పరీక్షల ఫలితాలను తారుమారు చేసి పర్యావరణ పరిరక్షణ సంస్థకు పంపారని 1992లో బయటపడింది. ఆ సంగతిని కంపెనీయే వెల్లడించింది. ఆ మేరకు నిజాయితీ అనే మొదటి విలువలో ప్రాణముందని ఒప్పుకోవలసిందే. వెల్లడించిన వెంటనే షేరు ధర కుప్పకూలింది. నీళ్ల లెక్కలు తప్పుగా ఉన్నంతకాలం నిలకడగా ఉన్న ధర నిజం చెప్పగానే పడిపోయిందంటే, నిజాయితీని నష్టభయాల్లో చేర్చిన అధికారికి మార్కెట్ మనస్తత్వం బాగా తెలుసునన్నమాట.

సామాజిక బాధ్యత సముద్రాలు దాటితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు పొరుగు రాష్ట్రం దాకా వెళితే చాలు. విద్యుత్ బోర్డును విడగొట్టి ప్రైవేటుకు తలుపు తెరవడంలో దేశానికంతటికీ మార్గదర్శి అనిపించుకున్న ఒడిశాలో ఏఈఎస్ రెండు వాటాలు కొన్నది. 1998 చివర కొన్నది ఉత్పత్తి సంస్థ ఓపీజీసీలో 49 శాతం. 1999 సెప్టెంబరులో కొన్నది రాష్ట్ర మధ్య ప్రాంతానికి కరెంటు పంచే సెస్కోలో 51 శాతం. మొదటిదానికి కొనుగోలు ఒప్పందం ఉంది, రెండోదానికి వినియోగదారులున్నారు. అక్టోబరు 29న మహా తుపాను స్తంభాలను పెకలించింది. బిల్లులు సరిగా వసూలు కాలేదు, ప్రభుత్వంతో పేచీలు ముదిరాయి. ఈ ఇబ్బందులేవీ కల్పితాలు కావు గాని, ఇబ్బందులు లేనిచోట బాధ్యత అనే మాటతో పనేముంది? 2001లో సంస్థ సెస్కో నిర్వహణను వదిలేసి వెళ్లింది; ఓపీజీసీ వాటాను మాత్రం 2020 దాకా భద్రంగా ఉంచుకుంది. వినియోగదారులున్నచోట రెండేళ్లు, ఒప్పందమున్నచోట రెండు దశాబ్దాలు నిలవగలిగిన ఈ విలువకు దిక్సూచి ఎటు చూపుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా పాలనలోనే ఉన్న ప్యూర్టోరికో దీవిలోని గ్వయామాలో 2002 నుంచి నడుస్తున్న 454 మెగావాట్ల కేంద్రం బాధ్యతకు భాషాశాస్త్రపు కోణాన్ని కూడా జోడించింది. బొగ్గు మండగా మిగిలే బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటి విష లోహాలుంటాయి. వాణిజ్య ప్రయోజనం లేని బూడిద దీవిలో మిగలకూడదన్నది ఒప్పందం. 2003, 2004 సంవత్సరాల్లో కొంత బూడిద డొమినికన్ రిపబ్లిక్ తీరాలకు చేరింది. ఆ దేశ ప్రభుత్వం అమెరికా కోర్టుకెక్కగా 2007లో 60 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. దీవిలో మిగిలిన బూడిదకు అంతకంటే చవకైన మోక్షం లభించింది: దానిని నీటితో కలిపి గట్టిపరచి, ఆగ్రెమాక్స్ అని నామకరణం చేసి, రోడ్ల కిందా పల్లపు నేలల్లోనూ నింపే సరుకుగా మార్చారు. పేరు పెట్టిన క్షణంలో వ్యర్థం ఉత్పత్తి అయింది, పారబోత వినియోగమైంది. నామకరణ మహోత్సవంలో మారనిది ఆర్సెనిక్ ఒక్కటే.

ఈ ఉదంతాలన్నిటినీ కలిపే సూత్రం సులభమైనది. బాధ్యత చవకగా, అందంగా, దూరంగా ఉన్నచోట సంస్థ దానిని కొని నివేదికలో ఫొటోతో అచ్చువేస్తుంది. ఖరీదుగా, మురికిగా, వాకిట్లోనే ఉన్నచోట దానికి పేరు మారుస్తుంది, లేదా ఊరు మారుతుంది. ఆవును చంపి చెప్పులు దానం చేసేవాడు కనీసం చెప్పులు తనవేనని అబద్ధమాడడు. విలువలు మనసులో ఉండవలసినవే గాని, బూడిద ఎక్కడ పోయాలో, తుపాను తరువాత తీగలు ఎవరు లాగాలో తేల్చవలసింది మనసు కాదు. అమలు చేసే నాథుడున్న చట్టం, వదిలి వెళ్లేవారిని పట్టి ఉంచే ఒప్పందం.

ఏఈఎస్ షేర్లు కొనబోయేవారికి, ఈ సంస్థ మంచిగా ప్రవర్తించే ప్రమాదముందని 1991లో ముందే లిఖితపూర్వకంగా తెలియజేశారు. గ్వాటెమాలా రైతుకు, కటక్ వినియోగదారుకు, గ్వయామా కాపురస్తుకు మాత్రం, ప్రవర్తించకపోయే ప్రమాదాన్ని గురించి ఎవరూ ప్రాస్పెక్టస్ పంపలేదు.