రాసిపెట్టుకో, ఈసారి కప్పు మనదే!

ఐపీఎల్, యాసంగి కోతలు ఇంచుమించు ఒకేసారి వస్తాయి. అందుకే సాగర్ ఎడమ కాలువ కింద, మా నిడమనూరు వైపు, సీజన్ జోస్యం చెప్పాలనుకునేవాళ్లకు వడ్ల కొనుగోలు కేంద్రాన్ని మించిన వేదిక లేదు. రాశి పోసినాయన తేమ 17 శాతానికి దిగేదాకా ఆగాలి, ఆనక కాంటా వంతు కోసం ఆగాలి, ఆనక లారీ కోసం ఆగాలి. రాత్రయితే టార్పాలిన్ మీద నలుగురూ నడుం వాల్చి, ఒకే ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటారు. వడ్లు వదిలి ఇంటికి పోలేరు కాబట్టి మీరేం చెప్పినా వినక తప్పదు.

అన్నిటికన్నా ముందు నిరుటి పాయింట్ల పట్టిక కంఠస్థం చెయ్యండి. నిరుడు అడుగునున్న జట్టు ఈసారీ అడుగునే అని తేల్చెయ్యండి. అప్పటి మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ సంగతి తీసి మిమ్మల్ని ఇరుకున పెట్టేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. 2008లో లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, ఆఫ్రిది, రోహిత్ శర్మ అంతా ఉండి కూడా ఆ జట్టు 14 మ్యాచ్‌లలో రెండే గెలిచింది, ఎనిమిది జట్లలో ఎనిమిదోది అయింది. ఉప్పల్‌లో మనవాళ్ల ముందు ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. మరుసటేడు పార్లమెంటు ఎన్నికలొచ్చి టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోతే, అక్కడ అదే జట్టు కప్పు కొట్టింది. 2009 మే 24న జోహన్నెస్‌బర్గ్ ఫైనల్లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ సున్నాకే వెనుదిరిగాడు. అయినా 143 పరుగులు చేసి, బెంగళూరును 6 పరుగుల తేడాతో ఆపారు. దీనికి మీ జవాబు: "అది దక్షిణాఫ్రికా కదరా, లెక్కలోకి రాదు." 2023లో పదింట పదోదైన ఇప్పటి మన జట్టు సన్‌రైజర్స్ 2024లో ఫైనల్‌కు పోయింది కదా అంటారా, "కమిన్స్ వచ్చిండు కదా" అనండి. కమిన్స్ వస్తున్నాడని మీకు ముందే తెలుసు కదా, మరి అప్పుడెందుకు చెప్పలేదని ఎవరూ అడగరు. అడిగితే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనండి.

తర్వాత వేలం ధరలు. ఎవడికి ఎక్కువ పెట్టారో వాడి జట్టే గెలుస్తుంది. బర్రెను కొన్నంత తేలికైన లెక్క. ఇది పనిచేసిన రుజువు కూడా ఉంది. 2023 డిసెంబరు వేలంలో కమిన్స్‌కు 20.50 కోట్లు పలికి రికార్డయింది, అదే రోజు స్టార్క్ 24.75 కోట్లతో దాన్ని దాటేశాడు. సీజన్ చివర చెన్నైలో జరిగిన ఫైనల్లో ఇద్దరి జట్లే ఎదురుపడ్డాయి. స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్‌ను బౌల్డ్ చేశాడు, అదే సీజన్లో 287 కొట్టిన మన జట్టు 113కు చాప చుట్టేసింది. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంతకన్నా తక్కువ స్కోరు లేదు. ఎక్కువ ధరవాడు గెలిచాడు, సూత్రం నిలిచింది! ఒక్కసారి నిలిచింది కాబట్టి జీవితాంతం వాడుకోండి. ఆ మరుసటేడు పంత్‌కు 27 కోట్లు పెట్టిన లక్నో ఏడో స్థానంలో ఆగిన ముచ్చట మాత్రం ఎత్తకండి.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు బేస్‌బాల్ పిచ్చోడు. అక్కడ ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుందట. సీజన్ మొదలవకముందే కంప్యూటర్లతో లెక్కగట్టి, ఫలానా జట్టు ఇన్ని గెలవొచ్చు, ప్లేఆఫ్స్‌కు చేరే అవకాశం ఇంత శాతం అని చెబుతారట. అన్ని ఆటలాడితే అదృష్టం కొంచెం అటూ ఇటూ సర్దుకుంటుందని, అయినా లెక్కలు తప్పుతూనే ఉంటాయని వాడంటాడు. "మీకు 14 మ్యాచ్‌లే మామా! ఒక క్యాచ్ జారితే, ఒక వాన పడితే పట్టిక తారుమారు. శాతాల్లో చెప్పు." శాతాల్లో చెప్పేవాడి మాట కాంటా దగ్గర ఎవడు వింటాడు? తేమ మిషన్ ఒక్కటే శాతాల్లో మాట్లాడుతుంది, దాన్ని చూస్తే అందరికీ మంట. మీరు మటుకు 14 మ్యాచ్‌లు కూడా ఎక్కువేనని, ఒక్కటి చాలని నమ్మండి.

ఆ ఒక్కటి మొదటి మ్యాచ్ కావాలి. 2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద మనవాళ్లు 286 కొట్టారు, ఇషాన్ కిషన్ 106 నాటౌట్.

"కాకా, ఈసారి 300 కొడతరంటవా?"

"300 ఎందిరా, కప్పే కొడతరు. రాసిపెట్టుకో."

తర్వాత వరసగా నాలుగు ఓడారు. ఓడిన ప్రతి రాత్రీ "నేను మొదట్నుంచీ అదే అంటున్న, బౌలింగ్ లేదు" అనాలి. ఏప్రిల్ 12న పంజాబ్ మీద అభిషేక్ 141 కొట్టి 246 ఛేదించాక మళ్లీ మొదటి మాటకు రావాలి. చివరికి ఆరో స్థానం వచ్చిందంటే పిచ్‌నో, మంచునో, అంపైర్‌నో అనుకోవాలి. "రాసిపెట్టుకో" అన్నారు కదా అని ఎవరినీ నిజంగా రాయనివ్వకండి. కాంటా దగ్గరిచ్చే తక్‌పట్టీ వెనకాల రాసినా చింపెయ్యండి.

జట్లను తొందరగా పాతిపెట్టడం కూడా నేర్చుకోవాలి. 2024లో బెంగళూరు మొదటి ఎనిమిదింటిలో ఒక్కటే గెలిచింది. జోస్యులంతా దినం భోజనాలు కూడా పెట్టేశాక వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కు పోయింది. పోతే పోనీ, భోజనం చేసినవాళ్లెవరూ తిరిగివ్వరు.

డబ్బు మాత్రం పెట్టకండి. ఆన్‌లైన్ పందేలకు తెలంగాణలో 2017 నుంచే నిషేధం. అదీగాక జేబులోంచి నోటు తీసిన క్షణాన మీ జోస్యం మీద మీకే అనుమానం పుడుతుంది. ఈ రాతంతా నవ్వులాటే గానీ ఈ ఒక్క పేరా కాదు.

ఇక అసలు కిటుకు. బెంగళూరు అభిమానులు ప్రతి ఏడూ కప్పు మాదేనన్నారు, ప్రతి ఏడూ ఊరంతా నవ్వింది. 2009లో మన చేతిలో, 2016 ఫైనల్లో మళ్లీ మన చేతిలోనే 8 పరుగులతో ఓడినా మాట మార్చలేదు. 2025 జూన్ 3న, పద్దెనిమిదో సీజన్లో, పంజాబ్‌ను 6 పరుగులతో ఓడించి కప్పు తీసుకుపోయారు. మునుపటి పదిహేడు తప్పులు ఆ రాత్రే మాఫీ. కాబట్టి వచ్చే మార్చిలో ఎవరడిగినా హైదరాబాదే అనండి. కాకపోతే ఆపై మార్చిలోనూ అనండి.