గాజుతొట్టిలో హెచ్చుతగ్గులు పెంచు విధము

అమలాపురమందైనను, రాజోలునందైనను, కొత్తపేటయందైనను, ముందుగదిలో టీవీ ప్రక్కన గాజుతొట్టి వెలసిన ప్రతి గృహమునందును ఒక్కటే ఫిర్యాదు వినవచ్చుచుండును: ఒక్కనాడు, ఒక్క దుకాణమున, ఒక్క సంచిలో కొనితెచ్చిన గోల్డ్‌ఫిష్ పిల్లలలో ఒకటి అరచేయంత కాగా, తక్కినవి బొటనవ్రేలిని దాటలేదని. అది శ్రద్ధగా చేసిన పనికి దక్కిన ఫలమేయని వారెరుగరు. ఇంకను ఈ ఫలమందని వారికై కొన్ని సూత్రములు.

1. తొట్టి చిన్నదిగాను, చేపలు పెక్కుగాను ఉండవలెను. గోల్డ్‌ఫిష్ 30 సెంటీమీటర్లకు మించి పెరుగగల జాతి యని ఎవరైనను చెప్పవచ్చినచో, "ఆయ్, తొట్టిని బట్టే పెరుగుద్దండి" అన్న దుకాణదారు వాక్యమునే ప్రమాణముగా గైకొనవలెను. ఇరుకు నీటిలో చేప తన మలినమునుండి పుట్టిన అమ్మోనియాతో మ్రగ్గి ఎదుగుదల కుంటుపడినను, గోడలను చూచి అణగియున్నదని దాని వినయమును మెచ్చుకొనవచ్చును.

2. నీరు మార్చరాదు. పచ్చబడిన నీటిలో ఎక్కువతక్కువలు కానరావు.

3. మేతను దినమున కొక్కసారి, ఒక్క మూలను, ఒక్క పిడికెడుగా వేయవలెను. ఈ శాస్త్రమునకు ప్రాణ మిదియే. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా ప్రేగులలోనికి పోవును గనుక కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టుట దానికి హితము, ఒక్కమారు కుమ్మరించుట మనకు హితము. మూత తెరచిన సవ్వడికే బలిసినది ముందుగా చేరి, అడ్డము వచ్చినవానిని తరిమి, దొరికినంత మ్రింగును. ఫిల్టరు గొట్టము చాటున నక్కిన చిన్నది, సందడి తగ్గిన పిదప అడుగునకు జారిన గుళిక నొకదానిని నోట బట్టి, పట్టక ఉమిసి, మరల బట్టి, నానినదాకా అట్లే పెనగులాడి, అంతలో పెద్దది మరలి చూచుటయే తడవుగా దానిని విడిచి పరుగిడును. ఆకలికి తోడు ఆ బెదురుకూడ దాని ఎదుగుదలను తినివేయును. నేటి వీసమెత్తు భేదము రేపటి భేదమునకు పెట్టుబడియై, వడ్డీతో పెరుగును.

ఇచ్చట ఒక హెచ్చరిక: గోదావరి జిల్లాల చెరువు రైతుతో ఈ ప్రసంగము చేయరాదు. అతడు బొచ్చెను, శీలావతిని, ఎర్రమోసును ఒక్క చెరువున వదలినను, ఒకటి పైనీటను, ఒకటి నడినీటను, ఒకటి అడుగునను మేయునని యెరిగి వదలును. తవుడును చెక్కయు నింపిన సంచులకు చిల్లులు పొడిచి, ఒక్కచోట గాక చెరువెల్ల వ్రేలాడగట్టును. అంతకంటె ప్రమాదకరమైన సంగతి యొకటి అతనికి తెలియును: ఇరుకు చెరువులో అర్ధాకలితో ఏడాదిపాటు గిడసబార్చిన పిల్లను విశాలమైన నీటిలో వదలి కడుపునిండ మేపినచో, అది త్వరత్వరగా ఎదిగిపోవును. ఈ మాట చెవిన బడినచో మనకు మిక్కిలి ప్రియమైన వివరణ యొకటి నశించును.

4. మగ గప్పీ ఆడదానిలో ఇంచుమించు సగమే యుండును, అది పుట్టుకయే. ఈ యొక్క నిజమును చేతబట్టుకొని, తొట్టిలోని తక్కిన జాతులన్నింటికిని అన్వయింపజేయవలెను.

5. వచ్చిన బంధువులకు పెద్దదానినే చూపవలెను.

6. "అందరికీ సమానంగానే వేస్తున్నానండీ" అని అప్పుడప్పుడు అనుచుండవలెను. నిజమున కిది సూత్రము కాదు, మనకందరకును గల అలవాటు. వేయుట సమానమే, అందినదెంతో తెలియవలెనన్న తొట్టియెదుట ఐదు నిమిషములు నిలువవలెను, అంత ఓపిక ఉన్నవారు మన యిండ్లలో అరుదు. చేయి దులుపుకొనుటతో న్యాయము ముగిసినదనుకొనుట యందొక సుఖమున్నది. దానిని నేనును వదలుకొనలేదు.

7. తొట్టి నడుమ వలతెర కట్టి చిన్నవాటిని వేరుచేయుట, మేతను నాలుగు మూలల చల్లుట, వారమునకొకమారు కొంత నీరు తీసి క్లోరిన్ పోయిన నీరు నింపుట, ఈ మూడును పరిహరింపదగిన దుర్వ్యసనములు. వీనిచే చిన్నదికూడ పెరిగినచో, "దాని పుట్టుకే అంతండీ" అని చెప్పుకొనుటకు ఇంటిలో ఒక్క చేపయైనను మిగులదు.