నన్ను ఏ గడిలో రాస్తారు?

నేను లక్ష్మీ ఆసు యంత్రాన్ని. పోచంపల్లి దగ్గరి ఒక చేనేత ఇంట్లో, మగ్గానికి ఎదురుగా గోడవారన ఉంటాను. పేక దారానికి చిటికి కట్టాలంటే, అంటే రంగు పట్టకూడని చోట్ల బిగించి కట్టాలంటే, ముందు దాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి ఆ పనితో భుజం నొప్పి భరించలేకపోవడం చూసి, చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి పాటుపడి 1999లో మొదటి యంత్రాన్ని నిలబెట్టారు. తల్లి పేరే మాకు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసును నేను గంటన్నరలో పోస్తాను.

మా ఊరి నేతవాళ్ల సంఘం నూలు కొనడానికి బ్యాంకు అప్పు అడిగింది. స్వాట్ విశ్లేషణతో రిపోర్టు తెమ్మన్నారు. ఈ ఇంటి కోడలు బీకాం చదివింది కాబట్టి రాసే పని ఆమెకు పడింది. సాయంత్రం మగ్గం పక్కన చార్టు పరిచి, స్కేలుతో గీతలు గీసి నాలుగు గడులు చేసింది: బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. మొదటి రెండూ మన చేతిలో ఉన్నవి, తర్వాతి రెండూ బయటి నుంచి వచ్చేవి అని వివరించింది.

బలాల్లో రాయమని తలా ఒకటి చెప్పారు. నాణ్యత, సంప్రదాయం, నైపుణ్యం. ముప్పు అనగానే పోటీ అన్నారు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"ఈ మాటలు గద్వాలకు రాసినా సరిపోతయి, నారాయణపేటకు రాసినా సరిపోతయి. మనకే చెల్లేది చెప్పుండ్రి."

నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అక్కడే. నాణ్యత అన్నచోట, పడుగూ పేకా రెండిటికీ చిటికి కట్టి డబుల్ ఇక్కత్ నేయగల ఇళ్లు మన ఊళ్లో ఎన్ని అని లెక్క తీయించి రాసింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చేర్చింది. పోటీ అన్న మాట కొట్టేసి, మన డిజైన్లను మరమగ్గం గుడ్డ మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్ముతున్నారని రాసింది. అప్పుడొక పెద్దాయన చీర కొంగు తిరగేసి చూపించాడు. దారానికే రంగు పట్టించి నేసింది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంది. అచ్చు గుడ్డయితే వెనకవైపు వెలవెలబోతుంది. కొనేవాళ్లకు ఈ తేడా చూపించడం ఒక పనిగా రాసుకున్నారు.

తర్వాత నా వంతు. కొత్త యంత్రం కదా, అవకాశాల్లో రాయమన్నాడొక కుర్రాడు. ఇంట్లో ఉన్నది అవకాశం ఎట్లయితది, బలమే అన్నాడు ఇంకొకాయన. సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు కత్తిరిస్తూ కూర్చున్న అత్తను కోడలు అడిగింది. "నువ్వు చెప్పు అత్తమ్మా."

"మనింట్ల ఉన్నది సరే. లేనోళ్ల ఇండ్లల్ల ఆసు అందక మగ్గాలు ఆగుతున్నయి. గది రాయవేమే?"

ఒక్కసారి గది నిశ్శబ్దమైంది. ఆసు పోసేది ఆడవాళ్లు, లెక్కలు రాసేది మగవాళ్లు. అందుకే ఇన్నాళ్లూ ఆ ఆలస్యం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. కోడలు నన్ను రెండు గడుల్లో రాసింది. ఉన్న ఇళ్లలో బలం, లేని ఇళ్లున్నాయి కాబట్టి సంఘానికి బలహీనత. కరెంటు పోతే నేను ఆగిపోతానన్నదీ రాసింది. అది నిజమే.

బలహీనతలు రాస్తే అప్పు ఇవ్వరేమోనని కొందరు భయపడ్డారు. ఆ భయం దండగ. నూలు ధర పెరగడం బయటి ముప్పు, ధర తగ్గినప్పుడు కొని పెట్టుకునే డబ్బు లేకపోవడం మన బలహీనత. ఈ రెండో మాట దాస్తే అప్పు ఎందుకు అడుగుతున్నారో బ్యాంకుకు ఎలా తెలుస్తుంది?

గడులు నిండాక చాలామంది రిపోర్టు అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఏ బలంతో ఏ ముప్పును ఎదుర్కోవాలి, ఏ బలహీనత తీరితే ఏ అవకాశం అందుతుంది అని జతలు కట్టాలి. 1982లో హైంజ్ వైరిక్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు ప్రతిపాదించిన పద్ధతి ఇదే. కోడలు తన నోట్సు తిరగేసి అలాగే చేసింది. భౌగోళిక గుర్తింపును అచ్చు గుడ్డలకు ఎదురు నిలిపింది. ఆగిన మగ్గాలను పెళ్లిళ్ల సీజను గిరాకీతో జత చేసింది.

రిపోర్టు చివరి పేజీలో మూడే పనులున్నాయి. సీజనుకు ముందే నూలు కొనడం, లేని ఇళ్లకు ఆసు యంత్రాలు సమకూర్చడం, ప్రతి చీరకూ గుర్తింపు చీటీ కట్టడం. ఒక్కొక్కదాని పక్కన చేసే మనిషి పేరు, గడువు రాశారు. ఆసు పని అత్తమ్మకు అప్పగించారు. అప్పు ఇంకా మంజూరు కాలేదు. యంత్రం లేని ఇళ్ల జాబితా మాత్రం ఆమె తయారుచేసింది. ఆ ఇళ్లవాళ్లు ఇప్పుడు వంతులు వేసుకుని నా దగ్గరే ఆసు పోయించుకుంటున్నారు.